పన్నెండు నెలల నర్సింగ్ డిగ్రీకి రెండున్నరేళ్ల లెక్క

ప్రశ్న: మాది గుంటూరు. మూడేళ్ల బి.ఎస్సీ. తర్వాత 2014లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ 68 శాతంతో పూర్తి చేశాను. ఇప్పుడు టెక్సస్‌లో హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉంటున్నాను. మావారి ఐ-140కి (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చింది కానీ నేను ఈఏడీకి (పని అనుమతి పత్రం) ఇంకా దరఖాస్తు చేయలేదు. పిల్లలకు ఏడేళ్లు, నాలుగేళ్లు. వేరే డిగ్రీ ఉన్నవారు 12 నెలల్లో బీఎస్సీ నర్సింగ్ చేయవచ్చని తెలిసి ఒక ప్రైవేటు కాలేజీకి నా వివరాలు ఇచ్చాను. ఫీజు 72 వేల డాలర్లు. వాళ్లు రోజూ ఫోన్ చేసి ఈ నెలాఖరులోగా సీటు ఖాయం చేసుకోమంటున్నారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువే కానీ పోటీ ఎక్కువట. పైగా మైక్రోబయాలజీ మళ్లీ చదవాలట! ఇంట్లోవాళ్లేమో ‘ఎం.ఎస్సీ. చదివి నర్సా?’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఈ నెలాఖరులోగా ఎవరికీ డబ్బు కట్టకండి. మీకు రోజూ ఫోన్ చేస్తున్నది అధ్యాపకులు కాదు, సీట్లు నింపే ఉద్యోగులు. వాళ్ల పని వాళ్లది. కానీ మీ విద్యార్హత పత్రాలను ఎవరూ పరిశీలించకముందే, కావలసిన ముందస్తు కోర్సులు ఒక్కటీ పూర్తి కాకముందే సీటు ఖాయమవుతుందంటే ఆ సీటు విలువ ఎంతో మీరే ఆలోచించండి.

ఈ రకం కోర్సులు కొత్తవేమీ కావు. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్‌లో 11 నెలలు, మీ రాష్ట్రంలో టెక్సస్ టెక్ హెల్త్ సైన్సెస్ సెంటర్‌లో 12 నెలలు, న్యూయార్క్ యూనివర్సిటీలో 15 నెలలు పడుతుంది. అయితే ఈ నెలలన్నీ తరగతిలో అడుగుపెట్టిన రోజు నుంచి లెక్క. ఆ గుమ్మం దాకా చేరడానికి మీలాంటి వారికి ఏడాది పైగా పడుతుంది, చదువు ముగిశాక లైసెన్సు పరీక్షకు మరికొన్ని నెలలు. అంతా కలిపి రెండున్నరేళ్లు వేసుకోండి. ఆ లెక్కకు ఇంట్లో అందరూ సరే అంటేనే ముందుకు వెళ్లండి.

కాలేజీల జాబితా పట్టుకోకముందే తేల్చుకోవలసింది ఈఏడీ. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డేమీ లేదు, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారనక్కర్లేదు. ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ ఉండాలి. భర్త ఐ-140కి ఆమోదం వచ్చినవారికి 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. దానిపై నడిచిన కేసులో 2024 ఆగస్టులో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టు కూడా ఆ నిబంధనను నిలబెట్టింది. ‘ఉద్యోగం వచ్చినప్పుడు చూద్దాం’ అని మీరు దరఖాస్తు చేయలేదనుకుంటాను. ఇప్పుడే చేయండి. దరఖాస్తు పత్రం ఐ-765లోనే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడగవచ్చు. నర్సింగ్‌లో ఆ నంబరు అవసరం చదువు మధ్యలోనే మొదలవుతుంది. ఆసుపత్రుల్లో క్లినికల్స్‌కు, అంటే రోగుల దగ్గర శిక్షణకు, పంపేముందు చేసే నేపథ్య పరిశీలనకు, ఆ తర్వాత రాష్ట్ర నర్సింగ్ బోర్డు దరఖాస్తుకు దాన్ని అడుగుతారు. కాలిఫోర్నియాలో చట్టప్రకారం పన్ను నంబరుతో సరిపెట్టుకోవచ్చు. అన్ని రాష్ట్రాలూ అలా ఉండవు. ఈఏడీ గడువు మీ హెచ్-4 గడువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, గడువు ముగియడానికి 180 రోజుల ముందునుంచే పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చని గుర్తుపెట్టుకోండి. క్లినికల్స్ నడుస్తుండగా ఆ గొడవ పెట్టుకోవద్దు.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. నర్సులకు గ్రీన్‌కార్డు త్వరగా వస్తుందని మన కుటుంబాల్లో తరచూ వినిపిస్తుంది. రిజిస్టర్డ్ నర్సులు కొరత ఉన్న వృత్తుల జాబితా ‘షెడ్యూల్ ఏ’లో ఉన్నందువల్ల లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికన్లు దొరకలేదని నిరూపించే) దశ తప్పుతుంది, అది నిజం. కానీ భారతదేశంలో పుట్టినవారికి ఈబీ-3 (ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు ఇచ్చే ఒక విభాగం) వరుస తప్పదు, అది చాలా పొడవైన వరుస. మీ ఇంట్లో గ్రీన్‌కార్డు వరుసలో ముందున్న తేదీ మీవారిదే. దాని మీదే ఉండండి, వృత్తి కోసం నర్సింగ్ చదవండి.

ఇప్పుడు మీ మార్కుల మెమోల సంగతి. 68 శాతం చూసి బెంగపడకండి. మన విశ్వవిద్యాలయాల్లో ఫస్ట్ క్లాస్ అంటే ఏమిటో వెస్ లాంటి మూల్యాంకన సంస్థలకు తెలుసు, వాళ్లు 68ని అమెరికా 68గా లెక్కించరు. చిక్కు వేరే చోట ఉంది. మూడేళ్ల బి.ఎస్సీ.ని కొన్నిసార్లు పూర్తి బ్యాచిలర్ డిగ్రీగా ఒప్పుకోరు, ‘మూడేళ్ల డిగ్రీ స్థాయి చదువు’ అని రాసి వదిలేస్తారు. ఈ కోర్సుకు మొదటి అర్హతే బ్యాచిలర్ డిగ్రీ. మీకు ఎం.ఎస్సీ. ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది. అందుకే బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. రెండూ కలిపి సబ్జెక్టులవారీగా మూల్యాంకనం చేయించండి. ఒకటే పంపి డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి. ట్రాన్‌స్క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వెళ్లాలి. మీ తమ్ముడో, నాన్నగారో పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి రావచ్చు, ఇవాళే చెప్పి ఉంచండి. చాలా కాలేజీలు దరఖాస్తులు తీసుకునే నర్సింగ్‌క్యాస్‌లోనూ మార్కుల సరిచూపుకు వారాలు పడుతుంది. చివరి తేదీకి రెండు రోజుల ముందు నొక్కిన దరఖాస్తు ఆలస్యమైనట్టే.

‘మైక్రోబయాలజీ మళ్లీ చదవాలట’ అన్న మాటలో మీ మనస్తాపం నాకు అర్థమైంది. రెండేళ్లు పెట్రిప్లేట్లతో గడిపినవారిని మళ్లీ మొదటినుంచి చదవమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అయినా చదవండి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, పోషకాహారం, మానవ వికాస మనస్తత్వశాస్త్రం దాదాపు అందరూ అడుగుతారు. సైన్సు కోర్సులకు ల్యాబ్ ఉండాలి, అవి గత ఐదారేళ్లలోనో పదేళ్లలోనో పూర్తిచేసినవై ఉండాలి. మీది 2014, చాలా చోట్ల చెల్లదు. చెల్లినా నేనైతే మళ్లీ చదవమనే అంటాను. పోటీ ఉన్న చోట కాలేజీ చూసేది ఈ ముందస్తు కోర్సుల జీపీఏనే. కనీసం 3.0 అని రాసి ఉంటుంది కానీ సీటు వచ్చేవారిది చాలావరకు అంతకంటే ఎక్కువే. మీకు బాగా తెలిసిన సబ్జెక్టులో ఇక్కడి కాలేజీలో తాజాగా ‘ఏ’ తెచ్చుకునే అవకాశాన్ని అవమానం అనుకోకండి. మరో లాభం కూడా ఉంది. సిఫారసు లేఖ ఇవ్వడానికి పదేళ్ల కిందటి మీ ప్రొఫెసరు గారి కంటే, మొన్నటి సెమిస్టరులో ల్యాబ్‌లో మిమ్మల్ని చూసిన అధ్యాపకుల మాటకే ఇక్కడ బరువెక్కువ.

ఇవన్నీ మీ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో చేయండి. హెచ్-4 వారు కూడా టెక్సస్‌లో ఏడాదిగా స్థిరంగా ఉంటున్నట్టు చూపిస్తే స్థానికుల ఫీజుకు అర్హులు కావచ్చు. అద్దె ఒప్పందం, పన్ను కాగితాలు పట్టుకెళ్లి అడగండి, మీ అంతట మీరు అడగకపోతే విదేశీ విద్యార్థుల ఫీజు వేసేస్తారు. అనాటమీ రెండో భాగం మొదటిది అయ్యాకే ఇస్తారు కాబట్టి ఎంత తొందరపడ్డా రెండు సెమిస్టర్లు తప్పవు. రెండో సెమిస్టరులో నర్సింగ్ ప్రవేశ పరీక్ష టీస్ రాయండి. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. సైన్సు, గణితం మీకు ఇబ్బంది కాదు. 45 ప్రశ్నల పఠన విభాగంలోనే మనవాళ్లకు సమయం చాలదు, సాధన అక్కడ చేయండి. కొన్ని కాలేజీలు దీనికి బదులు హెసీ అనే పరీక్ష అడుగుతాయి, రెండింటికీ డబ్బు పెట్టేముందు మీ జాబితా చూసుకోండి. టోఫెల్ నిబంధన కూడా కాలేజీకో తీరుగా ఉంటుంది.

కాలేజీని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ర్యాంకు చివరిది. నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు సీసీఎన్‌ఈ లేదా ఏసీఈఎన్ గుర్తింపు ఉందా? టెక్సస్ నర్సింగ్ బోర్డు ఆమోదించిందా? మీకు ఫోన్ చేస్తున్న కాలేజీ వేరే రాష్ట్రానిదైతే, తరగతులు ఆన్‌లైన్‌లో చెప్పి క్లినికల్స్ టెక్సస్‌లో చేయించడానికి వారికి అనుమతి ఉందా? వారు చెప్పింది కాకుండా బోర్డు వెబ్‌సైటులో మీరే చూడండి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ కాలేజీల నుంచి 7,600కి పైగా దొంగ డిప్లొమాలు అమ్ముడైనట్టు ఫెడరల్ అధికారులు బయటపెట్టారు. అలాంటి వ్యవహారం మీకు ఎదురైందని అనడం లేదు, కానీ సరిచూసుకునే అలవాటు ఉండాలి. లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో మొదటి ప్రయత్నపు ఉత్తీర్ణత కూడా అడగండి. అమెరికాలో చదివినవారి సగటు 2024లో సుమారు 91 శాతం. దానికి బాగా దిగువన ఉన్న కాలేజీకి 72 వేల డాలర్లు ఎందుకివ్వాలి? దాంతోపాటు చేరినవారిలో ఎంతమంది సకాలంలో బయటపడ్డారో కూడా అడగండి, ఎందుకంటే బలహీనులను మధ్యలోనే వదిలించుకుని ఉత్తీర్ణత శాతాన్ని పెంచుకోవడం తేలిక. ఒక్క కోర్సు తప్పితే పరిస్థితి ఏమిటన్నది మరో ప్రశ్న. చాలా నర్సింగ్ కాలేజీల్లో 75 శాతం లోపు వస్తే తప్పినట్టే, వేగవంతమైన కోర్సులో తర్వాతి బ్యాచ్ దాకా ఆగాలి, కట్టిన ఫీజు తిరిగిరాదు.

డబ్బు విషయంలో మరొకటి. హెచ్-4 వారికి ఫెడరల్ విద్యారుణాలు, గ్రాంట్లు రావు. ప్రైవేటు రుణానికి సాధారణంగా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో హామీ ఉండాలి. అంటే ఆ 72 వేలు దాదాపుగా మీవారి పొదుపులోంచే రావాలి. కోర్సు నడిచినన్నాళ్లూ మీరు ఉద్యోగం చేయలేరు, కాలేజీలే వద్దంటాయి. అందుకే దరఖాస్తుల జాబితాలో ప్రభుత్వ యూనివర్సిటీలు మూడు, గుర్తింపు, ఉత్తీర్ణత రెండూ బాగున్న ప్రైవేటుది ఒకటి పెట్టుకోండి.

పిల్లల గురించి ఒక్క వాక్యంలో రాశారు కానీ నా అనుభవంలో ఈ కోర్సు వదిలేసినవారిలో ఎక్కువమంది అక్కడే వదిలేశారు. క్లినికల్స్ రోజున తెల్లవారుజామునే బయల్దేరి 12 గంటల షిఫ్టు చేయాలి. మనవాళ్ల మామూలు పద్ధతి ఆరు నెలలు అమ్మానాన్నలు, ఆరు నెలలు అత్తమామలు. సందర్శక వీసాతో సాధారణంగా అంతకాలమే ఉండనిస్తారు. ఆ పద్ధతి పనిచేస్తుంది, కానీ పెద్దవాళ్లను ముందుగా అడిగి, వారి ఆరోగ్యం, బీమా చూసుకుని నిర్ణయించండి. వాళ్లు కారు నడపలేరు, పిల్లలను బడి నుంచి తెచ్చేది ఎవరన్నది కూడా మీవారితో ఇప్పుడే తేల్చుకోండి.

సీటు వచ్చాక కాగితాల్లో మనవాళ్లు తరచూ తడబడే చోటు క్షయ పరీక్ష. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవారికి చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. రక్తంతో చేసే క్వాంటిఫెరాన్ పరీక్షకు ఆ ఇబ్బంది లేదు, అదే అడిగి చేయించుకోండి. హెపటైటిస్ బి టీకాకు సాధారణంగా మూడు మోతాదులు, నెలలు పడుతుంది. ఇప్పుడే మొదలుపెట్టండి.

వ్యక్తిగత ప్రకటనలో ‘చిన్నప్పటి నుంచి సేవ చేయాలని’ అని రాయకండి, ఆ వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. కల్చర్ ప్లేటు మీద ఏ మందుకు ఏ సూక్ష్మజీవి లొంగుతుందో చూసిన మీకు, ఆ రిపోర్టు అందుకునే వార్డులో ఏం జరుగుతుందో చూడాలని ఎందుకనిపించిందో రాయండి. ఆసుపత్రిలో వాలంటీరుగా వారానికి ఒక పూట వెళ్తే రాయడానికి విషయమూ దొరుకుతుంది, ఈ పని మీకు పడుతుందో లేదో కూడా తెలుస్తుంది. మలమూత్రాలు, వాంతులు, ఏడుస్తున్న బంధువులు, నిలబడి నిలబడి వాచిన కాళ్లు: ఇవన్నీ చూశాకే ఫీజు కట్టండి.

ఇంట్లోవారి ప్రశ్నకు నా జవాబు చిన్నది. 2024 మేలో అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లని అక్కడి కార్మిక గణాంకాల శాఖ లెక్క. గుంటూరులో ‘నర్సా?’ అని అడిగినవారికి ఆ అంకె చెప్పండి, తర్వాతి ప్రశ్న వాళ్ల అమ్మాయి గురించే ఉంటుంది.

ఇంత చేసినా మొదటి ఏడాది బీఎస్‌ఎన్ (బీఎస్సీ నర్సింగ్) సీటు రాకపోవచ్చు. అందుకని అదే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ నర్సింగ్ డిగ్రీకి కూడా దరఖాస్తు పెట్టండి. లైసెన్సు పరీక్ష అదే ఎన్‌క్లెక్స్, లైసెన్సూ అదే, ఖర్చు చాలా తక్కువ. పెద్ద ఆసుపత్రులు బీఎస్‌ఎన్‌నే కోరుకుంటున్నాయి. న్యూయార్క్ రాష్ట్రమైతే కొత్త నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్ డిగ్రీ తెచ్చుకోవాలని 2017లో చట్టమే చేసింది. అయితే ఆ మిగతా చదువు ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు, కొన్ని ఆసుపత్రులు ఫీజులో కొంత భరిస్తాయి కూడా. అసోసియేట్ డిగ్రీ దరఖాస్తుల గడువు విడిగా ఉంటుంది, కమ్యూనిటీ కాలేజీలో చేరిన వారంలోనే అక్కడి నర్సింగ్ విభాగపు సలహాదారును కలిసి తేదీలు రాసుకోండి.