షెల్ పడని రోజులు కూడా రాయి

విశాఖపట్నం

చిరంజీవి సౌజన్యకు ఆశీస్సులు.

నీ కథ అందింది, శ్రద్ధగా చదివాను. మియన్మార్ (బర్మా) సరిహద్దు ఊరు మ్యావాడీలోని సైబర్ మోసాల ముఠాల చెర నుంచి మన కుర్రాళ్ళు తిరిగొచ్చిన వార్తలు చూసి, అసలు ఆ ఊరు ఎక్కడుందని వెతుకుతూ అక్కడి కరెన్ జాతివాళ్ళ పల్లెల దాకా వెళ్ళానని రాశావు. 2025 మార్చిలో థాయిలాండ్ వైపున్న మే సొట్ నుంచి వాయుసేన విమానాల్లో 549 మంది భారతీయుల్ని తీసుకొచ్చారు. వాళ్ళలో ఆంధ్ర పిల్లలూ ఉన్నారు, తెలంగాణ పిల్లలూ ఉన్నారు. ఆ వారమంతా మన పేపర్లలో మ్యావాడీ పేరు కనిపించింది. అదే కరెన్ రాష్ట్రంలో ఏళ్ళ తరబడి పల్లెల మీద ఫిరంగి గుండ్లు పడుతున్న సంగతి మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. నువ్వు దాని మీద కథ రాశావు. ఆ పని నాకు ఎంతో విలువైనదిగా తోచింది కాబట్టే ఈ ఉత్తరం పొడవుగానూ, కొన్నిచోట్ల కటువుగానూ ఉంటుంది. ఏమీ అనుకోకు.

నీ కథలో మొదటి వాక్యంలోనే షెల్ పడుతుంది. రెండో పేరాకి ఇల్లు కాలిపోతుంది. మూడో పేరాలో తల్లి బిడ్డ శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. చదువుతుంటే గుండె చెరువవుతుంది, కాదనను. కానీ ఆ ఇల్లు ఎలా ఉండేదో, ఆ పొద్దున్న ఆ తల్లి ఏ పని మీద ఉందో, ఆ ఊరివాళ్ళు ఏం పండించుకుని ఏం తింటారో నాకు తెలిసేలోపే అంతా బూడిదైపోయింది. ఆ తల్లిని గాజాలో పెట్టినా, సిరియాలో పెట్టినా నీ కథలో ఒక్క మాట మార్చక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. షెల్ చేసే హానిలో చాలా భాగం అది పడని రోజుల్లో జరుగుతుంది. నువ్వు ఆ రోజుల్ని రాయలేదు.

ముత్రో జిల్లానే తీసుకో. బర్మా ప్రభుత్వ పటంలో అది ఫాపున్. సాల్వీన్ నది పక్కన కొండలు, అడవి. అక్కడివాళ్ళకు ప్రధానమైన బతుకుతెరువు కొండవాలు మీద పోడు. ఏడాది మొదట్లో చెట్లు నరుకుతారు, ఎండాక మార్చి, ఏప్రిల్ నెలల్లో కాలుస్తారు, తొలకరికి వడ్లు వేస్తారు, వానాకాలమంతా కలుపు తీస్తారు, అక్టోబరు, నవంబరుల్లో కోస్తారు. పోక, ఏలకులు అమ్ముకుని ఉప్పు, బట్ట, మందులు కొంటారు. ఇందులో దేన్నీ వాయిదా వేయడానికి లేదు. వానలు పడేలోపు కాల్చకపోతే ఆ ఏడు పంట లేనట్టే. మన ఏజెన్సీలో పోడు చేసేవాళ్ళని ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

ఇప్పుడు ఎదురు కొండ మీద సైనిక శిబిరం ఉందనుకో. అక్కడ 81 మిల్లీమీటర్ల మోర్టార్ ఉంటుంది, 120 మిల్లీమీటర్లది కూడా ఉండొచ్చు. ఈ పెద్దదాని గుండు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. గొట్టంలో గుండు వేసేవాడికి అది ఎవరి మీద పడుతుందో కనిపించదు, కనిపించాల్సిన అవసరమూ లేదు. రోజూ పేల్చనక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి, ఏ వేళలో అన్నది తెలియకుండా పేలిస్తే చాలు. మిగతా రోజుల్లో భయమే పని చేస్తుంది. పొగ కనిపిస్తే అటు గుండు వేస్తారేమోనని పోడు కాల్చడానికి జంకుతారు. అదే భయంతో పగలు పొయ్యి వెలిగించరు. పొలంలో గుడిసె వేసుకుని రాత్రి కాపలా ఉండే ధైర్యం చాలదు, కాపలా లేని పంటని అడవిపందులు దున్నేస్తాయి. పండిన వరి చేతికందే దూరంలో ఉన్నా కోయడానికి వెళ్ళలేరు. గేదెలు, అన్నీ వదిలేసి అడవిలోకి పోతారు. దాచుకున్న బియ్యం తరుగుతుంటే వెదురు కొమ్ములు, దొరికిన ఆకులు వేసి పల్చగా జావలా కాచుకుని సరిపెట్టుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఆకలితోనో, మలేరియాతోనో, అడవిలో పురుడు పోసేవాళ్ళు లేకనో ఒక ప్రాణం పోతుంది. ఆ చావు షెల్లింగ్ మృతుల లెక్కలోకి రాదు. కథ రాసేవాళ్ళు పట్టించుకోవాల్సింది దీన్నే అమ్మా. పత్రికా విలేకరికి ఆర్నెల్లు ఆగే వీలుండదు, నీకు ఉంది.

“ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్న గ్రామం” అని రాశావు. అది తీసెయ్. చాలాసార్లు ఆ చుట్టుపక్కల పోరాటమే ఉండదు. శిబిరంలోంచి ఊరి వైపు, పొలాల వైపు గుండ్లు వదులుతారు, అంతే. ఇది పొరపాటున జరిగేది కాదు. దీని వెనక ఒక పద్ధతి ఉంది. 1960లలోనే బర్మా సైన్యం ‘నాలుగు కోతలు’ అనే విధానం తెచ్చింది. తిరుగుబాటుదారులకు తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు ఈ నాలుగూ అందకుండా చెయ్యాలి. ఈ నాలుగూ ఊళ్ళ నుంచే వస్తాయి కాబట్టి ఊళ్ళే లేకుండా చేస్తే సరిపోతుంది. పల్లెల్ని ఖాళీ చేయించడం, గాదెలు తగలబెట్టడం, ఖాళీ చేయమన్న చోట కనిపించినవాళ్ళని కాల్చడం అలా వచ్చినవే. ఇది తెలియకపోతే గాదె మీద గుండు పడడం నీకు దురదృష్టంలా కనిపిస్తుంది. తెలిస్తే వాళ్ళు కోరుకున్నదే జరిగిందని అర్థమవుతుంది. నీ కథలో తాతగారు “మా ఖర్మ” అని నిట్టూరుస్తాడు. ఏ తాత అయినా ఆ మాట అనొచ్చు, తప్పు లేదు. కథ కూడా ఆయనతో పాటు అలాగే అనుకుంటే తప్పు.

ఇదంతా 2021 సైనిక కుట్రతో మొదలైనట్టు రాశావు. కరెన్ల తరఫున పోరాడే కరెన్ నేషనల్ యూనియన్ (కేఎన్‌యూ) పుట్టింది 1947లో, యుద్ధం మొదలైంది 1949 జనవరి 31న. 2012లో ప్రాథమిక ఒప్పందం, 2015 అక్టోబరులో దేశవ్యాప్త కాల్పుల విరమణ సంతకాలు జరిగాయి. ఆ ఒప్పందం కాగితం మీద ఉండగానే సైన్యం ముత్రో కొండల్లో రోడ్లు వేసుకుంది, శిబిరాలకు బియ్యం, ఆయుధాలు చేరవేసుకుంది, అక్కడి నుంచి పల్లెల మీద మోర్టార్లు పేల్చింది. 2020 డిసెంబరులో, అంటే కుట్రకు ముందే, ఆ శిబిరాలు తీసేయమని గ్రామస్థులు వేలల్లో చేరి ప్రదర్శన చేశారు. చేతుల్లో ఆయుధాల్లేవు. ఈ ఒక్క దృశ్యం నీ కథలో ఉన్నా నాకు ఆ మనుషులు ఇంకోలా కనిపించేవాళ్ళు. నువ్వు రాసినవాళ్ళు ఏడుస్తారు, పరిగెత్తుతారు, చస్తారు. వాళ్ళు ఆలోచించడం, వాదించుకోవడం, నిర్ణయం తీసుకోవడం ఎక్కడా లేదు.

నిజానికి ఆ కొండల్లో జనం ఊరికే కూర్చోలేదు. ఇంటి పక్కన కందకం తవ్వుకుంటారు, బడి పక్కన పిల్లలకు సరిపడా బంకర్ తవ్వుతారు. బడి నడపడం కుదరకపోతే చెట్ల కింద పాఠాలు చెబుతారు. వీపున మందుల సంచీ వేసుకుని కొండలెక్కే ఆరోగ్య కార్యకర్తల బృందం 1998 నుంచి పని చేస్తోంది. సరిహద్దు అవతల మే సొట్‌లో డాక్టర్ సింథియా మౌంగ్ 1989లో ఆసుపత్రి పెట్టారు. ఆవిడా కరెన్ మహిళే, 2002లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఇంకోటి, మనలాంటి రాసేవాళ్ళకు మరీ ముఖ్యమైనది: కరెన్ మానవ హక్కుల బృందం 1992 నుంచి గ్రామస్థులకే శిక్షణ ఇచ్చి, ఏ ఊళ్ళో ఏ రోజున ఏం జరిగిందో వాళ్ళ చేతే రాయిస్తోంది. ఎన్ని గుండ్లు పడ్డాయి, ఏ శిబిరం నుంచి వచ్చాయి, ఎవరి గేదె చచ్చింది, ఎవరి పైకప్పు పోయింది, అన్నీ ఉంటాయి. “గొంతు లేని వారి గొంతు” అని నీ కథ ముందుమాటలో రాసుకున్నావు. వాళ్ళకు గొంతు ఉంది. నువ్వు పుట్టక ముందు నుంచి చెబుతూనే ఉన్నారు. నీ పని వాళ్ళు చెప్పింది జాగ్రత్తగా చదవడం, తెలుగులోకి తేవడం. ఆ ముందుమాట పూర్తిగా తీసెయ్.

ముగింపు సంగతి. తల్లి నది దాటి థాయిలాండ్ ఒడ్డు చేరగానే నీ కథ అయిపోతుంది, ఇక భద్రం అన్నట్టు. 2021 మార్చి 27న సైన్యం విమానాలతో ముత్రోలోని డే పు నో గ్రామం మీద బాంబులు వేసింది. ఆ రోజుల్లో సుమారు 3,000 మంది సాల్వీన్ దాటారు. వాళ్ళలో చాలామంది మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది. తిరిగొచ్చి నది ఒడ్డున, అడవిలో టార్పాలిన్ల కింద ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో లే కే కో మీద దాడి జరిగింది. తిరిగొచ్చే శరణార్థుల కోసమని కాల్పుల విరమణ తర్వాత కట్టిన ఊరు అది. అక్కడి నుంచి కూడా వేలమంది సరిహద్దులోని మోయి నది దాటి పారిపోయారు. ఒకసారి శరణార్థిగా బతికి, ఒప్పందాన్ని నమ్మి ఇల్లు కట్టుకుని, మళ్ళీ మూట సర్దుకున్న మనిషి ఏం ఆలోచిస్తాడో ఊహించి చూడు. ఇక థాయిలాండ్‌లోని శరణార్థి శిబిరాల సంగతంటావా, 1984 నుంచి ఉన్నాయి, అక్కడే పుట్టి అక్కడే పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగేసరికి వాటిలో ఆసుపత్రులు మూతపడ్డాయి. ఒడ్డు చేరడంతో కథ ముగియదు.

కరెన్లంటే అందరూ క్రైస్తవులని అనుకున్నట్టున్నావు. బౌద్ధులు ఎక్కువ, కొండదేవతల్ని కొలిచేవాళ్ళూ ఉన్నారు. 1994 చివర్లో బౌద్ధ సైనికులు కొందరు కేఎన్‌యూ నుంచి చీలిపోయి సైన్యం వైపు వెళ్ళారు, మరుసటి జనవరిలో కేఎన్‌యూ ప్రధాన స్థావరం మానెర్‌ప్లో సైన్యం చేతికి చిక్కింది. నిన్ను ఈ కథ వైపు నడిపించిన మ్యావాడీ మోసాల వెనక కూడా సైన్యానికి అనుబంధంగా ఏర్పడిన కరెన్ సరిహద్దు దళమే ఉంది. ఒకే జాతి మనిషి ఒక కొండ మీద బంకర్ తవ్వుకుంటుంటే ఇంకొకడు ఆ ముఠాల దగ్గర అద్దెలు వసూలు చేస్తుంటాడు. దీన్ని దాచకు. మందుపాతరలు సైన్యం పెడుతుంది, కేఎన్‌యూ సాయుధ విభాగమూ పెడుతుంది. 2023లో మియన్మార్ మొత్తమ్మీద మందుపాతరలు, పేలకుండా మిగిలిన గుండ్ల వల్ల చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 1,003 మంది అని లెక్క తేలింది. ఆ ఏడాది ప్రపంచంలో ఏ దేశంలోనూ అంతమంది లేరు. ఇది రాస్తే సైన్యం నేరం తగ్గిపోతుందేమో అని టెన్షన్ పడకు. ఊరి మీదకు ఫిరంగి తిప్పిందెవరో, విమానాలున్నదెవరికో స్పష్టంగా రాసి, దీన్నీ రాయి. మియన్మార్ 1992లో జెనీవా ఒప్పందాల మీద ఆమోదముద్ర వేసింది. అంతర్యుద్ధంలో కూడా పోరాడని మనిషిని చంపకూడదన్న షరతు వాటిలో ఉంది.

జాగ్రత్తగా వినాల్సిన విషయం ఒకటి. రేపు నువ్వు ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడి సంగతులు సేకరిస్తే, దాక్కున్న చోటు గుర్తుపట్టే వివరం ఏదీ రాయొద్దు. వాగు పేరు, కొండ ఆకారం, బడి మార్చిన చోటు, ఏదీ వద్దు. మనిషి పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. నువ్వు తెలుగులో రాస్తున్నావు కదా, ఎవరు చూస్తారులే అనుకోవద్దు. శవాల వర్ణన కూడా తగ్గించు. ఆ బిడ్డ తల్లి చదివితే తట్టుకోగలదా అని ప్రతి వాక్యం దగ్గరా అడుగు.

నీ కథలో నాకు నిజంగా నచ్చిన చోటు ఒకటుంది. పారిపోయేటప్పుడు ముసలమ్మ వండుకునే బియ్యం వదిలేసి విత్తనపు వడ్ల మూట ఎత్తుకుంటుంది. కోడలు కోప్పడుతుంది, పిల్లలకు ఇవాళ ఏం పెడతావని. నాలుగే వాక్యాలు రాసి వదిలేశావు. మొత్తం కథ అక్కడుంది. ఆ అత్తాకోడళ్ళ గొడవ పది పేజీలు నడిపించు. ఇద్దరిదీ న్యాయమే. ఆ మూట తడవకుండా వానాకాలం ఎలా దాటించారో, పొగ రాకుండా ఎప్పుడు వండుకున్నారో, పై ఏడు ఏ కొండ మీద చల్లారో, అసలు చల్లగలిగారో లేదో రాయి.

మన వైపు నుంచి ఒక దారి ఉంది, అది కూడా చూడు. మన తాతల కాలంలో కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి కూలికి రంగూన్, మౌల్మెయిన్ వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ మౌల్మెయిన్ దగ్గరే సాల్వీన్ సముద్రంలో కలుస్తుంది. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. వాళ్ళ పెద్దవాళ్ళని కలిస్తే ఆ నేల, ఆ వాన, ఆ తిండి ఎలా ఉంటాయో చెబుతారు. కథలోకి వాళ్ళని లాక్కురావొద్దు, నీకు తెలియడం కోసం.

తిరగరాసి పంపు, తొందర లేదు. ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. చోటు చాలదు, ఒక పేజీ తగ్గించమని ఆయన అంటే శవం ఉన్న పేజీ తీసెయ్. విత్తనపు వడ్ల పేజీ మాత్రం ఎవరడిగినా ఇవ్వకు.

శుభం కోరుతూ,
మాస్టారు