జర్మానిక్ స్త్రీలు జంట బ్రోచ్‌లను అలంకారానికే పెట్టుకునేవారా?

5, 6 శతాబ్దాల నాటి జర్మానిక్ (జర్మన్ భాషా కుటుంబానికి చెందిన ఐరోపా తెగల) స్త్రీల సమాధుల్లో బ్రోచ్‌లు (వెనుక సూదితో బట్టకు గుచ్చుకునే నగలు) జంటలుగా ఎందుకు దొరుకుతాయి, అవన్నీ అలంకారానికేనా అని మీరు అడిగారు. అవి నగలే, సందేహం లేదు. అయితే అంతకంటే ముందు అవి పిన్నీసులు. ఈ సంగతి నాకు కొన్నేళ్ల క్రితం ఇంగ్లండ్‌లో, ఆనాటి దుస్తులు కుట్టి కట్టుకోవడం నేర్పే ఒక చిన్న శిక్షణ తరగతిలో అనుభవంలోకి వచ్చింది.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన జర్మానిక్ తెగలైన ఆంగ్లో-శాక్సన్ల స్త్రీల పైవస్త్రం గొట్టంలా కుట్టిన, చేతులు లేని ఉన్ని బట్ట. దాని ముందు అంచునూ వెనుక అంచునూ రెండు భుజాల దగ్గరా కలిపి పట్టి ఉంచేవి ఆ రెండు బ్రోచ్‌లే. ఒకటి ఊడితే ఆ పక్క బట్ట జారిపోతుంది. పైటకు పిన్నీసు పెట్టుకునే అలవాటు కొద్దీ నేను అంచును కొంచెమే పట్టి సూది గుచ్చాను. అరచేతిలో సగం ఉన్న ఆ కంచు నమూనా తన బరువుకు తానే ముందుకు వాలి నేల చూపులు చూసింది. శిక్షకురాలు దాన్ని తీసి, కుచ్చిళ్లు పట్టినట్టు బట్టను మడతలు పెట్టి మళ్లీ గుచ్చగానే కదలకుండా నిలిచింది.

అసలైన సాక్ష్యం కూడా బ్రోచ్ వెనుకవైపే ఉంటుంది. సూది సాధారణంగా ఇనుముది కనుక మట్టిలో తుప్పు పడుతుంది. ఆ తుప్పు పక్కనున్న బట్ట పోగుల్లోకి చేరి, బట్ట కుళ్లిపోయినా దాని నేతను అచ్చుగా మిగులుస్తుంది. ఆ తరగతిలోనే ఒక పాత బ్రోచ్ వెనుక భాగాన్ని భూతద్దంలో చూపించారు. గోరంత తుప్పు ముద్దలో ఏటవాలు నేత గీతలు స్పష్టంగా కనిపించాయి. ముందువైపు బంగారు పూత కంటే నాకు అదే ఎక్కువ గుర్తుంది.

జంట ఆకారం ప్రాంతాన్ని బట్టి మారేది. థేమ్స్ నది ఎగువ ప్రాంతపు శాక్సన్ స్త్రీలు సాసర్ వంటి గుండ్రని బ్రోచ్‌లనూ, తూర్పు, ఉత్తర ప్రాంతాల ఆంగ్లియన్ స్త్రీలు ఉంగరం వంటి వాటినీ ఎక్కువగా వాడారు. జంటలోని రెండు బ్రోచ్‌ల మధ్య గాజు, అంబర్ (శిలాజంగా మారిన చెట్టు జిగురు) పూసల దండలు వేలాడేవి. మూడో బ్రోచ్, అంటే చతురస్రపు తల గల పెద్దది, తరచుగా పైన కప్పుకునే దుప్పటి కోసం.

నేటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల స్థిరపడిన మరో జర్మానిక్ జాతి ఫ్రాంకుల సంగతి వేరు. వారి స్త్రీల సమాధుల్లో చిన్న బ్రోచ్‌లు మెడ, రొమ్ము దగ్గరా, పొడవాటి విల్లు బ్రోచ్‌ల (విల్లులా వంగిన నడుము గల బ్రోచ్‌ల) జంట నడుము కింద, తొడల మధ్యా దొరుకుతాయి. ఈ రెండోవి దుస్తులను మూసేవని కొందరూ, నడికట్టు నుంచి వేలాడే పట్టీకి తగిలించినవని కొందరూ అంటారు. అక్కడ మూయవలసిన చీలిక ఏదీ నాకు తోచదు కనుక నేను రెండో మాటవైపే మొగ్గుతాను.

7వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో భుజాల జంట కనుమరుగై, సంపన్న స్త్రీల దగ్గర ఒంటరి బ్రోచ్ మిగిలింది. కెంట్‌లోని కింగ్‌స్టన్ డౌన్‌లో 1771లో బయటపడి, ఇప్పుడు లివర్‌పూల్‌లోని వరల్డ్ మ్యూజియంలో ఉన్న బంగారు, గార్నెట్ (ఎర్రని రత్నం) బ్రోచ్ అటువంటిదే. మీ ప్రశ్నలోని ‘అలంకారం’ అనే మాట ఆ తరం బ్రోచ్‌లకే ఎక్కువగా నప్పుతుంది.