అరకు రిసార్ట్‌లో ఇడ్లీ చెడి పూరీ బాగుందంటే తప్పు వంటవాడిది కాకపోవచ్చు

మీరు అడిగింది ఇదీ: ఏళ్లుగా అరకులో ఒకే రిసార్ట్‌లో దిగుతున్నారు, అక్కడి ఉదయం టిఫిన్ అంటే ఇంటిల్లిపాదికీ ఇష్టం. ఈ డిసెంబరులో వెళ్తే ఇడ్లీ పసుప్పచ్చగా, గట్టిగా ఉంది. గారె మెత్తబడింది. కాఫీ మెషీన్‌ది. పూరీ, బొంబాయి చట్నీ, అల్లం పచ్చడి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. వంటవాడు మారాడా, మళ్లీ టిఫిన్ కలిపిన ప్యాకేజీ తీసుకోవచ్చా అని.

బఫే కిచెన్ పని చూసినవాళ్లకి ఈ జాబితా వినగానే కారణం సగం తెలిసిపోతుంది. ఇడ్లీ పిండి పులవాలి. గారె మూత కింద నిలవ ఉండకూడదు. మీకు నచ్చిన మూడింటిలో దేనికీ పిండి పులియబెట్టే పని లేదు.

ఇడ్లీ సంగతి ముందు. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ లెక్కన కలిపిన పిండి 28-30 డిగ్రీల వేడిలో ఎనిమిది, పది గంటల్లో పొంగుతుంది. విశాఖలో రాత్రి ఎనిమిదింటికి రుబ్బినా తెల్లారేసరికి సిద్ధం. అరకులో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి కూడా పోతాయి. అదే వేళకి రుబ్బితే ఉదయం ఆరింటికి పిండి ఎక్కడ వేసింది అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడింటికే రుబ్బి, పాత పిండి ఒక గరిటె కలిపి, గిన్నెని గోరువెచ్చటి నీళ్లలోనో పొయ్యి దగ్గర వెచ్చగానో ఉంచాలి. ఇది అక్కడి వంటవాళ్లకి తెలియక కాదు. సీజన్‌లో గదులన్నీ నిండితే మధ్యాహ్నం గ్రైండర్ భోజనాల పనికే సరిపోదు. అందుకని పొద్దున్నే వంటసోడా పడుతుంది. పసుపు రంగు, పెద్ద పెద్ద బొక్కలు, మింగాక నాలుక మీద సబ్బులాంటి చేదు కనిపిస్తే సోడా ఎక్కువైందనుకోండి. బాగా పులిసిన ఇడ్లీలో సన్నటి రంధ్రాలు సమంగా ఉంటాయి, వేలితో నొక్కితే మళ్లీ లేస్తుంది.

కొండ మీద సరిగా ఉడకదని కొందరు సర్వర్లు చెబుతుంటారు. నమ్మకండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకి మరుగుతాయి. పది పన్నెండు నిమిషాల్లో అయ్యే వాయకి ఇంకో నిమిషం, రెండు నిమిషాలు పడుతుందేమో. అంతే తేడా.

తర్వాతిది బఫే గిన్నె. అడుగున వేడినీళ్లు, వాటి కింద చిన్న మంట, పైన మూత. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై ఇడ్లీ మీద పడుతుంది. పై వరుస చెమ్మగిల్లి జిగటవుతుంది, మూత తీసి పెడితే ఎండి గట్టిపడుతుంది. అరగంట దాటితే ఏ ఇడ్లీకైనా ఇదే గతి. గారెకి ఇంకా త్వరగా, పది నిమిషాలకే కరకర పోతుంది. మెత్తబడ్డ గారెల్ని మళ్లీ నూనెలో వేసి తెస్తే రంగు ముదురుతుంది, తుంచితే వేలికి నూనె అంటుతుంది. అది వదిలేయండి.

పూరీ ఎప్పటికప్పుడు వేయిస్తారు గనుక గెలుస్తుంది. గుట్టగా పోసినవి తీసుకోకుండా రెండు వేడిగా అడగాలి. బొంబాయి చట్నీలో సెనగపిండి నిలవ ఉన్నకొద్దీ చిక్కబడుతుంది. గరిటె నిలబడేంత గట్టిగా ఉంటే కాస్త వేడినీళ్లు పోసి కలపమనండి, రుచి చెడదు. పచ్చిపిండి వాసన వస్తే మాత్రం ఉడకలేదని అర్థం, దానికి మందు లేదు. అల్లం పచ్చడిలో చింతపండు, బెల్లం ఉంటాయి కాబట్టి ఒకసారి చేస్తే రోజుల తరబడి నిలుస్తుంది. అది ‘ఎప్పటిలాగే’ ఉండటాన్ని వంటవాడి ఖాతాలో వేయనక్కర్లేదు.

చలికాలంలో అరకులో నేనైతే పెసరట్టే తినమంటాను. పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు, రుబ్బిన వెంటనే పోయొచ్చు, పులవాల్సిన పనే లేదు. పిండి రంగు చూడండి. పచ్చగా ఉంటే ఆ పూట రుబ్బింది. బూడిదరంగుకి తిరిగితే నిన్నటిది, అట్టు కరకరలాడదు. చోడి (రాగి) అంబలి పెడితే అదీ వదలకండి. బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ కోసం అంత దూరం పోనక్కర్లేదు.

కాఫీ విషయంలో మాత్రం మీ కోపం న్యాయమే. అక్కడ పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మీరు వెళ్లిన డిసెంబరులోనే తోటల్లో కాఫీ పళ్లు కోస్తుంటారు. అయినా కౌంటర్ మీద పాలపొడి, చక్కెర కలిసొచ్చే పొడి మెషీన్! కారణం శ్రమే. కప్పుకి ఎనిమిది, పది గ్రాముల లెక్కన వంద కప్పులకి కిలో దాకా పొడి కావాలి. డికాషన్ దిగడానికి అరగంట పడుతుంది, దిగాక రెండు గంటలు దాటితే వాసన పోతుంది. ఇంకోటి, మనకి చికోరీ (ఒక మొక్క వేరుని వేయించి చేసే పొడి) కలిపిన కాఫీ అలవాటు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన, అంటే మిగతాదంతా చికోరీ కావొచ్చు. శుద్ధ అరబికాలో సగం గ్లాసు పాలు పోస్తే రుచి తేలిపోయి ‘ఇదేం కాఫీ’ అనిపిస్తుంది. ఊళ్లో వంద గ్రాముల పొడి కొనుక్కోండి. 250 మిల్లీలీటర్ల నీళ్లు గది కెటిల్‌లో మరిగించి, అర నిమిషం ఆగి, 15 గ్రాముల పొడి మీద పోసి, నాలుగు నిమిషాలకి వడకట్టి, పాలు లేకుండానో రెండు చెంచాలతోనో తాగండి.

ప్యాకేజీ మాటకొస్తే, ఒట్టి గదికి ఎంత, టిఫిన్‌తో ఎంత అని విడిగా అడగండి. ఆ తేడాని మనుషుల సంఖ్యతో భాగిస్తే టిఫిన్ అసలు ధర తేలుతుంది. ఊళ్లో హోటల్లో అయ్యే ఖర్చుకి రెట్టింపు మించితే ఒట్టి గదే మేలు. మామూలు రోజుల్లో జనం తక్కువుంటే చాలాచోట్ల బఫే పెట్టరు, అడిగింది చేసిస్తారు. మీకు పాత రుచి దొరికేది అప్పుడే. దిగిన సాయంత్రమే ‘రేపు బఫేనా, ఆర్డర్ మీదా?’ అని కనుక్కోండి. బఫే అయితే తెరిచిన మొదటి అరగంటలో వెళ్లండి, లేదా జనం బాగా ఉన్న తొమ్మిది గంటల వేళ. అప్పుడు వాయ మీద వాయ దిగుతుంటుంది. పది దాటాక వెళ్తే మిగిలినవే.

ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడగండి, ఇడ్లీ పిండి ఎన్నింటికి రుబ్బారని. రాత్రి ఎనిమిదింటికి అంటే పెసరట్టు చెప్పేయండి.