అన్వేషణ నవలల్లో, అంటే దేన్నో వెతుకుతూ సాగే కథల్లో, నాయకుడి ప్రయాణానికి దశలెన్ని?

స్థూలంగా మూడే: ఇల్లు విడవడం, పరీక్షలు ఎదుర్కోవడం, మారిన మనిషిగా తిరిగి రావడం. 12 అనీ 17 అనీ వినిపించే లెక్కలు వీటిని ఇంకా చిన్న ముక్కలు చేసినవే. పురాణగాథలను పోల్చి చూసిన జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో 17 చెప్పాడు; క్రిస్టొఫర్ వోగ్లర్ సినిమా రచయితలకు అనువుగా వాటిని 12కు కుదించాడు.

ఇలాంటి కథలో దొరికే నిధి కన్నా వెతికేవాడిలో వచ్చే మార్పే ముఖ్యం. పాత చోటు వదలనిదే పరీక్ష ఎదురుకాదు. తిరిగి రానిదే ఎంత మారాడో తెలియదు.

టోల్కీన్ నవల ‘ది హాబిట్’ (1937) చూడండి. డ్రాగన్ కాపలా కాసే నిధి కోసం రమ్మంటే నాయకుడు బిల్బో మొదట సాహసాలు వద్దంటాడు. మర్నాడు చేతిరుమాలైనా తీసుకోకుండా ఆ ప్రయాణానికే పరుగు తీస్తాడు. చీకటి గుహలో గొల్లమ్ అనే వింత జీవితో పొడుపుకథల పోటీ అతనికి పెద్ద పరీక్ష. చివరికి ఇల్లు చేరేసరికి, చనిపోయాడనుకుని అతని సామాను వేలం వేస్తుంటారు! డ్రాగన్ ఘట్టం కన్నా ఈ వేలమే అసలు విషయం చెబుతుంది: ఊరి లెక్కలో పాత బిల్బో ఇక లేడు.

ప్రతి దశా వరుస తప్పకుండా ఉండాలనీ, శత్రువును నాయకుడే చంపాలనీ చాలామంది అనుకుంటారు. కానీ ‘ది హాబిట్’లో డ్రాగన్‌ను చంపేది బార్డ్ అనే విలుకాడు, బిల్బో కాదు. చాలా కథలు ఒకటి రెండు అంశాలనే తీసుకుని విస్తరిస్తాయని క్యాంప్‌బెల్ కూడా రాశాడు.