తాళం పడ్డ ఇల్లు కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ సంతోషం చూసి మీ అత్తా నేనూ చాలాసేపు నీ గురించే మాట్లాడుకున్నాం. క్లీవ్‌లాండ్‌లో టీచర్లకి గవర్నమెంటు సగం ధరకే ఇల్లు ఇస్తోందన్నావు. నిజమే, ఇస్తోంది. కానీ ఆ సగం ఎందుకు తగ్గిస్తున్నారో తెలుసుకోకుండా సంతకం పెట్టకు తల్లీ. ఫోనులో తెగే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

2008లో ఇళ్ల లోన్లు కట్టలేక జనం ఇళ్లు పోగొట్టుకున్నప్పుడు మేం ఇక్కడే ఉన్నాం. ఒక్క చలికాలంలో మా వీధిలో నాలుగిళ్లకి తాళాలు పడ్డాయి. ఎదురింటివాళ్లు పాప సైకిల్ కూడా వరండాలోనే వదిలేసి వెళ్లిపోయారు. మంచు కరిగేసరికి దాని చెయిను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎవరో వెనక తలుపు పగలగొట్టి రాగి పైపులు కోసుకుపోయారు. మేం ఒక్క వాయిదా కూడా తప్పలేదు, అయినా మా ఇంటి ధర కూడా పడిపోయింది. పక్కిల్లు పాడుబడితే మనిల్లు ఒక్కటే బాగుండదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది జులైలో వచ్చిన చట్టంతో ‘నైబర్‌హుడ్ స్టెబిలైజేషన్ ప్రోగ్రామ్’ మొదలైంది. మొదటి విడత 392 కోట్ల డాలర్లు. 2009లో, 2010లో వచ్చినవి కూడా కలిపితే దాదాపు 700 కోట్లు. ఫోర్‌క్లోజర్‌లో, అంటే అప్పు కట్టలేదని జప్తులో, పోయిన ఇళ్లని ఊళ్లు ఆ డబ్బుతో కొని, బాగుచేసి, అయిన ఖర్చుకి మించకుండా అమ్మాల్సి ఉండేది. కొనేవాళ్లు ముందు కనీసం ఎనిమిది గంటలు కౌన్సెలింగ్ క్లాసులో కూర్చోవాల్సి వచ్చేది. నిధుల్లో పావు వంతు బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసమే వాడాల్సి ఉండేది. ఎదురిల్లు అలాగే బాగైంది. రెండేళ్ల తర్వాత ఆ వంటింట్లో లైటు వెలగడం చూసి మీ అత్త కళ్లు తుడుచుకుంది.

నువ్వు చెప్పిన ‘గుడ్ నైబర్ నెక్స్ట్ డోర్’ వేరే పథకం, కానీ దాని ఉద్దేశం కూడా వీధి నిలబడాలనే. ఎఫ్‌హెచ్‌ఏ లోను, అంటే గవర్నమెంటు పూచీ ఉన్న ఇంటి అప్పు, కట్టలేక చేజారిన ఇళ్లు హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ చేతికి వస్తాయి. వాటిలో కొన్ని ప్రాంతాల ఇళ్లనే టీచర్లకి, పోలీసులకి, ఫైర్‌వాళ్లకి, అంబులెన్స్ సిబ్బందికి సగానికి ఇస్తారు. నీ స్కూలు ఆ ప్రాంతం పిల్లలకి చదువు చెప్పేదై ఉండాలి. గత ఏడాదిలో నీ పేరు మీద ఇల్లు ఉండకూడదు. లిస్టులో పెట్టిన ఏడు రోజుల్లోపే ఏజెంటు ద్వారా అడగాలి. ఎక్కువమంది అడిగితే లాటరీ తీస్తారు.

ఇక అసలు సంగతి. లక్ష డాలర్ల ఇంటికి నువ్వు కట్టేది యాభై వేలు. మిగతా యాభై వేలు రెండో మార్ట్‌గేజ్‌గా, అంటే ఇంటి మీద తాకట్టు అప్పుగా, రాసుకుంటారు. దానికి వడ్డీ, వాయిదా ఏమీ ఉండవు. మూడేళ్లు, అంటే పూర్తిగా 36 నెలలు, నువ్వు ఆ ఇంట్లోనే కాపురముంటే అది రద్దవుతుంది. మధ్యలో వెళ్లిపోతే మిగిలిన కాలానికి లెక్కగట్టి తిరిగి కట్టాలి. అద్దెకిచ్చి వేరే చోట ఉందామన్న ఆలోచన కుదరదు. పెళ్లి మాటలు నడుస్తున్నాయి కదా, అబ్బాయికి టెక్సస్‌లో ఉద్యోగమైతే ఏం చేస్తావు? ఆ మాట తేల్చుకున్నాకే బిడ్ వెయ్యి.

ఇల్లు చూడ్డానికి ఒక్కసారి వెళ్తే సరిపోదు. పగలు ఓసారి, రాత్రి తొమ్మిదికి ఓసారి, వాన పడ్డ మర్నాడు ఓసారి వెళ్లు. టార్చి తీసుకుని ముందు బేస్‌మెంట్‌లోకి దిగు. గోడ మీద మోకాలెత్తున తెల్లటి గీత కనబడితే నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. కొత్తగా పెయింటు వేసింది ఒక్క మూలే అయితే అక్కడ ఏం దాచారో అడుగు. చలికి పైపులు పగలకుండా నీళ్లు ఖాళీ చేసి ఉంచుతారు కాబట్టి కుళాయి తిప్పి చూస్తే ఏమీ తెలియదు, ప్రెషర్ టెస్టు చేయించాల్సిందే. మురుగు పైపులోకి కెమెరా దింపించు. ఇక్కడి పాత ఇళ్ల మట్టి పైపుల్లోకి చెట్ల వేళ్లు దూరతాయి. 1978కి ముందు కట్టినదైతే పెయింటులో సీసం ఉందేమో కూడా పరీక్ష చేయించాలి. ఉన్నది ఉన్నట్టే అమ్ముతారు, తర్వాత బయటపడ్డవన్నీ నీ నెత్తినే.

మరమ్మతులకి చేతిలో డబ్బు లేదని దిగులుపడకు. 203కే అనే ఎఫ్‌హెచ్‌ఏ లోనులో ఇల్లు, బాగుచేసే ఖర్చు రెండూ కలిపి ఇస్తారు. చిన్న పనుల రకానికి పరిమితి 2024 నవంబరు నుంచి 75,000 డాలర్లు. పునాది, గోడల్లాంటి పెద్ద పనులుంటే రెండో రకం తీసుకోవాలి. డబ్బు నీ చేతికి రాదు, పని జరిగిన కొద్దీ కాంట్రాక్టరుకి విడుదల చేస్తారు. అదే మంచిది. మా పైకప్పు పనికి ఒకడికి సగం డబ్బు ముందే ఇచ్చాను. రెండు రోజులు వచ్చాడు, మూడో రోజు నుంచి ఫోనెత్తలేదు. ఇంటి పైన టార్పాలిన్ కప్పి ఆ అక్టోబరంతా గడిపాం.

నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఎఫ్‌హెచ్‌ఏ లోను దొరుకుతుంది. మీ స్నేహితురాలు హెచ్-1బి మీద ఉందన్నావు కదా, 2025 మే 25 నుంచి అలాంటివాళ్లకి ఈ లోను ఆపేశారని చెప్పు. పాపం, అప్లికేషన్ ఫీజు పెట్టాక తెలిస్తే బాధపడుతుంది.

లాటరీలో నీ పేరు రాకపోతే మన కౌంటీలోని కయహోగా ల్యాండ్ బ్యాంక్ వైపు చూడు. 2009లో మొదలైంది. పన్నులు కట్టక పోయిన ఇళ్లని తీసుకుని కొన్ని కూల్చేస్తారు, బాగుపడేవి అమ్ముతారు. బాగుచేసుకునే షరతు మీద కొంటే, పని పూర్తి చేశాకే ఇల్లు నీ పేరు మీదికి వస్తుంది. ఒంటరిగా మొదటి ఇల్లు కొనే నీకు అంత భారం వద్దనే నా ఉద్దేశం. నీ ఇష్టం.

ఇల్లు నచ్చితే ఇరుగుపొరుగు తలుపులు తట్టి మాట్లాడు. చెత్త ఎప్పుడు తీస్తారు, మంచు ఎవరు ఎత్తుతారు, ఖాళీ ఇళ్లు ఎన్ని, అన్నీ అడుగు. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరుండేవాళ్లో కూడా అడుగు. ఒక కుటుంబం పోగొట్టుకున్న ఇల్లది, ఆ సంగతి తెలిసి అందులో అడుగుపెట్టు.

శనివారం పొద్దున్న ఎనిమిదికి వస్తాను. పెద్ద టార్చి, నిచ్చెన నా దగ్గరున్నాయి. నువ్వు పాత బూట్లు వేసుకుని రా.

మీ మావయ్య