క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలమంతా గుడి పనులతోనే గడిచిపోతోంది, ప్రార్థన మిగలడం లేదు. ఏం చేయాలి?

అలంకరణ, పిల్లల నాటిక, పాటల సాధన అన్నీ మీ నెత్తినే పడుతున్నాయనీ, క్రిస్మస్ రాత్రి పూజకు వచ్చేసరికి లోపల ఒట్టి అలసటే ఉంటోందనీ రాశారు. మా విచారణ గుడిలో గాయక బృందం బాధ్యత పదకొండేళ్ళుగా నాది. అందులో మొదటి ఆరేళ్ళు ఆగమన కాలమనేది ఒకటుందని నాకు పట్టనే లేదు. నవంబరు చివర్లో క్రిస్మస్ పాటల సాధన మొదలుపెట్టేవాళ్ళం, డిసెంబరు 25కి గొంతులు పోయేవి, అంతే.

ఒక ఏడాది ఆగమన కాలపు మొదటి ఆదివారం పూజ. దయ చూపమని వేడుకునే ప్రార్థన ముగిసింది. నా వేళ్ళు అలవాటు కొద్దీ కీబోర్డు మీద ఈ ఆదివారాల్లో పాడకూడని మహిమ గీతం ఎత్తుకున్నాయి, బృందం మొదటి మాట అందుకుంది. పీఠం దగ్గర ఫాదర్ గారు చెయ్యి కొంచెం పైకెత్తి, మా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. పాట మాట మధ్యలో తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరి పిల్లో "ఏమైందమ్మా?" అనడం గుడి మొత్తానికీ వినిపించింది. పూజ అయ్యాక క్షమించమని అడగడానికి వెళ్తే, ఆయన ఊదా రంగు పూజా వస్త్రం మడత పెడుతూ, "పాట సంగతి సరే, ఈ రోజు సువిశేషం ఏమిటో చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. ఆ రోజు సువిశేషం, అంటే పూజలో చదివే క్రీస్తు చరిత్ర భాగం, జాగరూకులై ఉండండి అని. అది చదువుతున్నంతసేపూ నేను కానుకల పాట ఉన్న పుట కోసం వెతుక్కుంటున్నాను.

మహిమ గీతం మొదలయ్యేది బేత్లెహేము పొలాల్లో గొర్రెల కాపరులు విన్న దేవదూతల మాటలతోనే. నాలుగు ఆదివారాలు దాన్ని ఆపేది ఆ రాత్రి అది మన చెవికి కొత్తగా తగలాలని. (డిసెంబరు 8న నిష్కళంక మాత మరియమ్మ పండుగకు మాత్రం పాడతాం.) ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఆగిపోయే అల్లెలూయా అనే ఆనంద స్తోత్రం ఇప్పుడు ఆగదు. అంటే ఇది విచారంగా ఉండవలసిన కాలమేమీ కాదు, ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉన్నప్పుడు ఎలా ఉంటామో అలా ఉండవలసిన కాలం. మేమేమో ఆ ఖాళీని వారానికి మూడు సాయంత్రాల క్రిస్మస్ పాటలతో నింపేసేవాళ్ళం. నాలుగు వారాలు పాడి పాడి అరిగిపోయిన పాట ఆ రాత్రికి కొత్తగా ఎలా వినిపిస్తుంది? మీ అలసటలో సగం ఇక్కడి నుంచే వస్తోందని నా అనుమానం.

అందుకే మేము క్రిస్మస్ పాటలు నేర్చుకోవడం నవంబరు మొదట్లోకి జరిపాం. ఆగమన కాలం మొదలయ్యాక వాటి జోలికి వెళ్ళం, డిసెంబరు 17 దాటాక రెండుసార్లు గుర్తుచేసుకుంటాం. మొదటి ఏడాది గొణుగుళ్ళు బాగానే వినిపించాయి. అందరికన్నా పెద్దాయన అలిగి రెండు వారాలు సాధనకు రాలేదు. మీ నాటిక సాధనను కూడా ఇలాగే ముందుకు జరపవచ్చు.

ప్రార్థన విషయానికి వస్తే, పెద్ద పెద్ద ప్రణాళికలు వేసుకోకండి. తెల్లవారుజామున లేచి గంటసేపు ధ్యానం చేస్తానని రాసుకున్న ఏడాది నేను మూడో రోజే మానేశాను. ఇప్పుడు చేసేది ఒక్కటే. రేపటి పూజలో చదవబోయే సువిశేషాన్ని ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి చదువుకుంటాను. డిసెంబరు 16 వరకు పూజలో వినిపించేవి ప్రభువు రెండో రాకడ, యెషయా ప్రవచనాలు, స్నాపక యోహాను. 17 నుంచి వరస మారుతుంది. ఆ రోజు మత్తయి రాసిన వంశావళి, 18న యోసేపు కల, 19న జెకర్యా.

స్నాపక యోహాను తండ్రి అయిన ఈ జెకర్యా దగ్గర కాస్త ఆగండి, ఆయన మనలాంటివాడే. ఆలయ సేవకుడు, చీటీ తన పేరున పడితే ధూపం వేయడానికి లోపలికి వెళ్ళాడు. జీవితమంతా ప్రార్థించిన బిడ్డనే దేవదూత వచ్చి ఇస్తానంటే నమ్మలేకపోయాడు. పని చక్కగా చేస్తున్నాడు, వినడం మాత్రం మానేశాడు. అందుకే బిడ్డ పుట్టి పేరు పెట్టే దాకా నోట మాట లేదు. పలక మీద యోహాను అని రాశాకే నాలుక వదులైంది, అప్పుడు ఆయన నోట వచ్చింది స్తోత్ర గీతం. డిసెంబరు 24 ఆదివారం కాకపోతే ఆ ఉదయపు పూజలో చదివేది ఆ గీతమే. గాయక బృందంలో ఉన్నవాడిగా నాకు ఈ కథ ఏటా కొంచెం గుచ్చుకుంటుంది.

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, మాత్రం మొదటి రెండు వారాల్లోనే వెళ్ళిరండి. 23 సాయంత్రం వరసలో నిలబడి, జేబులో పాటల జాబితా పెట్టుకుని, దాన్ని చదివినట్టే పాపాలు చదివి వచ్చిన అనుభవం నాకుంది. నా వెనక ఇంకా ముప్పై మంది, లోపల ఫాదర్ గారి గొంతు అప్పటికే బొంగురుపోయింది.

ఇంకో మాట. ఆగమన కాలం ఎప్పుడూ ఒకే పొడవు ఉండదు. నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఏ తేదీన ఆదివారం వస్తే అప్పుడు మొదలవుతుంది, కనుక 22 నుంచి 28 రోజుల దాకా ఉంటుంది. 2023లో అన్నిటికన్నా చిన్నది వచ్చింది, నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబరు 24. ఉదయం పూజలో మరియమ్మకు గాబ్రియేలు దూత వార్త చెప్పడం విన్నాం, రాత్రికి ప్రసవం! మధ్యాహ్నమంతా ఊదా గుడ్డలు తీసి తెల్లవి పరిచే హడావుడి. ఆ ఉదయం నేను కీబోర్డు ఇంకొకరికి ఇచ్చి, చివరి బల్ల మీద కూర్చుని సువిశేషం విన్నాను. పాట రెండుచోట్ల తాళం తప్పింది. పూజ మాత్రం ఆగలేదు.

మీరు కూడా ఈసారి ఒక పని ఎవరికైనా అప్పగించి చూడండి. నాటిక అయితే మరీ మంచిది. దానికి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కాచుకుని ఉంటారు, మనమే వదలం.