బోర్డులో కూర్చోవాలంటే ఏ కోర్సు చదవాలి, మేడం?

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు. ఉత్తరం పెద్దదే, కుదించి చెప్తాను. పాప ఇంటర్ ఎంఈసీ చదివి, సీఏ ఫౌండేషన్ పాసై, ఇప్పుడు గుంటూరులో సీఏ ఇంటర్ కోచింగ్‌కు వెళ్తోంది. ఈయనకు ఎరువుల షాపు ఉంది. తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో స్టార్టప్ బీబీఏ అనే కోర్సులో చేరాడు, నాలుగేళ్లకు 18 లక్షలు. మొన్న ఒక పెళ్లిలో ఆ తోడల్లుడు భోజనాల బల్ల దగ్గర ఫోన్ తీసి స్విగ్గీ డైరెక్టర్ల జాబితా చూపించి, "చూడు అన్నయ్యా, అందరూ ఐఐటీలు, ఐఐఎంలు. మీ పాప లెక్కలు రాసే చదువు చదివితే ఇలాంటి కంపెనీలో గుమాస్తా అవుతుంది గానీ పైకుర్చీ ఎక్కదు" అన్నాడట. "అప్పటి నుంచి నిద్ర లేదు మేడం. అరెకరం మాగాణి ఉంది, అమ్మేసి పాపని కూడా ఆ కోర్సులో వేయమంటారా, లేక ఏఐ బీటెక్‌లో వేయమంటారా, లేక సీఏనే కానివ్వమంటారా? మూడూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

పోలుస్తాను, కానీ ముందు మాగాణి జోలికి వెళ్లకండి. ఏ నిర్ణయమైనా ఒక నెల ఆగాక.

ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదండీ. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది. ఇదివరకు ఇదే ప్రశ్న బయోటెక్నాలజీ గురించి వచ్చేది, ఆ తర్వాత డేటా సైన్స్ గురించి వచ్చింది, ఇప్పుడు స్టార్టప్ అంటున్నారు. మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీ గొంతులో ముల్లులా ఉన్నది ఆ "గుమాస్తా" అన్న మాట. అది మీ పాప చదువుకు తగిలిన మాట కాదు, పెళ్లిపందిట్లో మీకు తగిలిన మాట. దానికి మందు అరెకరం అమ్మడం కాదు.

సరే, ఆ జాబితానే తీసుకుందాం. మీ తోడల్లుడు చూపించాడు గానీ చదివినట్టు లేడు. స్విగ్గీ 2024 నవంబరులో షేర్ మార్కెట్‌కు వచ్చింది. అప్పటి బోర్డులో ముందుగా కంపెనీ పెట్టినవాళ్లు: విజయవాడకు చెందిన శ్రీహర్ష మాజేటి, ఆయనతోపాటు నందన్ రెడ్డి. ఇద్దరూ బిట్స్ పిలానీ. శ్రీహర్ష ఆపైన ఐఐఎం కలకత్తాలో చదివి, లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చాడు. వచ్చి నేరుగా స్విగ్గీ పెట్టలేదు, చిన్న వ్యాపారులకు కొరియర్ సర్వీసులను కలిపే బండిల్ అనే పని మొదలుపెట్టాడు, అది నడవలేదు. 2024 వరకు స్విగ్గీ కంపెనీ రికార్డుల్లో పేరు బండిల్ టెక్నాలజీస్ అనే ఉండేది. ఈ భాగం మీ తోడల్లుడు చెప్పి ఉండడు.

ఆ తర్వాత డబ్బు పెట్టినవాళ్ల మనుషులు, అంటే ప్రోసస్, సాఫ్ట్‌బ్యాంక్, యాక్సెల్ తరఫున కూర్చునేవాళ్లు. వీళ్లు పెట్టుబడి సంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ సంస్థ పంపితే వచ్చినవాళ్లు. స్టార్టప్ బోర్డు అంటే సగం ఇదే: ఎవరి డబ్బు ఉందో వాళ్ల మనిషి కూర్చుంటాడు. ఇక మూడో గుంపు ఇండిపెండెంట్ డైరెక్టర్లు. కంపెనీలో చెప్పుకోదగ్గ వాటా లేకుండా, యజమానికి చుట్టం కాకుండా, బయటి నుంచి వచ్చి ప్రశ్నలు అడగాల్సినవాళ్లు. ఛైర్మన్ ఆనంద్ కృపాలు అప్పటికే యూనిలీవర్, క్యాడ్‌బరీ, డియాజియో చూసి వచ్చిన మనిషి. సుపర్ణా మిత్ర టైటాన్ వాచీల వ్యాపారం నడిపారు. సాహిల్ బారువా డెలివరీ కంపెనీ నడిపినవాడు, సూరత్కల్ ఎన్ఐటీలో మెకానికల్ చదివి ఐఐఎం బెంగళూరుకు వెళ్లాడు. ఇంకొకాయన శైలేష్ హరిభక్తి. ఆయన ఎవరో తెలుసా? చార్టర్డ్ అకౌంటెంట్.

పోటీ కంపెనీ జొమాటో చూడండి. 2021 జులైలో మార్కెట్‌కు వచ్చినప్పుడు బోర్డు ఛైర్మన్ కౌశిక్ దత్తా. ఆయనా చార్టర్డ్ అకౌంటెంటే. అంటే అన్నం పొట్లాలు తెచ్చిచ్చే రెండు పెద్ద కంపెనీల్లోనూ పైకుర్చీల దగ్గర "లెక్కలు రాసే చదువు" మనిషి ఉన్నాడు, ఒకచోట ఏకంగా ఛైర్మన్‌గానే. అదే బోర్డులో నలుగురు మహిళా ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉండేవారు. ఒకరు గాలి నాణ్యత కొలిచే పరికరాల కంపెనీ పెట్టిన ఇంజినీరు, ఒకరు ఆన్‌లైన్ ఫ్యాషన్ అమ్మకాలు నడిపినావిడ, ఒకరు బ్యాంకింగ్ నుంచి వచ్చినావిడ, ఇంకొకరు అపర్ణా పోపట్. గోపీచంద్ ఆడుతున్న రోజుల్లోనే ఈమె పేరూ పేపర్లో వచ్చేది, తొమ్మిదిసార్లు జాతీయ ఛాంపియన్, రెండు ఒలింపిక్స్ ఆడింది. ఒక టెక్నాలజీ కంపెనీ బోర్డులో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి! మరి మీ తోడల్లుడి లెక్క ప్రకారం పాపకు రాకెట్ కొనివ్వాలి.

నవ్వులాట అటుంచండి. బోర్డులో సీఏ ఉండడం ఎవరో దయతలచి ఇచ్చిన చోటు కాదు. లిస్టెడ్ కంపెనీకి, అంటే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీకి, లెక్కలు సరిచూసే ఆడిట్ కమిటీ ఉండాలి, అందులో అందరికీ బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి, కనీసం ఒకరికి అకౌంటింగ్ లేదా ఆర్థిక నిర్వహణలో లోతైన అనుభవం ఉండాలి, ఇది షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. ఐఐటీ మనిషి ఉండి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు. లిస్టెడ్ కంపెనీలో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలన్నది కూడా 2013 కంపెనీల చట్టంలోనే ఉంది. ఈ రెండూ కలిపి చూసుకుంటే మీ పాప నడుస్తున్న దారి మూసుకుపోయిన దారిలా ఉందా?

పెద్ద పేర్లున్నంత మాత్రాన బోర్డు గట్టిదైపోదు, ఈ సంగతి మన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఊ కొట్టినప్పుడు అందులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, పెంటియం చిప్‌తో పేరొచ్చిన వినోద్ ధామ్ ఉన్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. మూడు వారాలు దాటగానే, 2009 జనవరి 7న, లేని డబ్బు ఉన్నట్టు చూపించామని ఛైర్మనే ఉత్తరం రాశారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన కొత్త బోర్డులో దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ లాంటివాళ్లతోపాటు టి.ఎన్.మనోహరన్ ఉన్నారు. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్, అంతకుముందు దేశంలోని సీఏల సంస్థ ఐసీఏఐకి అధ్యక్షుడిగా చేసినవారు. కంపెనీని ఏప్రిల్ కల్లా టెక్ మహీంద్రా చేతికి అప్పగించగలిగారు. బైజూస్ సంగతి ఇంకా దగ్గరిది. 2023 జూన్‌లో పెట్టుబడిదారుల తరఫున ఉన్న ముగ్గురు డైరెక్టర్లూ తప్పుకున్నారు, ఆడిటర్ కూడా తప్పుకున్నాడు, బోర్డులో మిగిలింది యజమాని, ఆయన భార్య, తమ్ముడు. అది బోర్డు కాదు, భోజనాల బల్ల.

నా దగ్గర చాలా ఏళ్ల కింద సలహాకు వచ్చిన ఒకమ్మాయి, తనదీ మీలాంటి ఇల్లే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫైనాన్స్ చూస్తోంది. బోర్డు మీటింగ్‌కు లెక్కల కాగితాలు తయారుచేసేది తనే, మీటింగ్‌లో గోడ పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఒకసారి అమ్మకాలు ఎగబాకాయని ఫౌండర్ రంగురంగుల స్లయిడ్లు చూపిస్తున్నాడట, అందరూ తలలూపుతున్నారట. ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఈ 40 లక్షలు కస్టమర్లు ఏడాదికి ముందే కట్టిన చందా కదా, ఇంకా సర్వీసు ఇవ్వని నెలల డబ్బు కూడా ఈ నెల ఆదాయంలో ఎందుకు కలిపారు?" అని అడిగాడు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. ఆ అమ్మాయి ఆ సంగతి ముందే కాగితం కింద చిన్న అక్షరాల్లో రాసి పెట్టింది, ఆ ఒక్క పెద్దాయనే చదివాడు. బోర్డులో పని అంటే అది. ఫొటోలో కనపడదు.

ఇప్పుడు ఆ స్టార్టప్ బీబీఏ గురించి. ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పోయినేడు ఒక తల్లి తోడు రమ్మంటే అలాంటి ఒక కాలేజీ ఓపెన్ హౌస్‌కు వెళ్లాను. రిసెప్షన్ గోడ నిండా పేరున్న ఫౌండర్ల ఫొటోలు. వాళ్లలో ఒక్కరైనా ఇలాంటి కోర్సు చదివారా అని అడిగితే, "వాళ్లు మాకు ఇన్‌స్పిరేషన్ మేడం" అన్నాడు ఆ కుర్రాడు. మీ మొదటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగాను, కాఫీ తెప్పించాడు. పాఠం చెప్పేవాళ్లలో నెలాఖరుకు జీతాలు ఎలా సర్దాలా అని చెమటలు పట్టిన అనుభవం ఎంతమందికి ఉంది అని అడిగాను, క్యాంపస్ చూపిస్తానన్నాడు. క్యాంపస్ బాగుంది, కాదనను. బీన్ బ్యాగులు కూడా ఉన్నాయి.

నా అనుమానం ఏమిటంటే, వ్యాపారం అనేది 18 ఏళ్ల పిల్లకు తరగతి గదిలో కూర్చోబెట్టి నేర్పగలిగే చదువేనా అని. మార్కెటింగ్ నేర్పొచ్చు, లెక్కలు నేర్పొచ్చు, చట్టం నేర్పొచ్చు. అరువు ఇచ్చిన రైతు పంట పోయి తల దించుకుని షాపు ముందు నిలబడితే ఏం మాట్లాడాలో మీకు ఏ కోర్సు నేర్పింది? మూడు రోజుల ప్రాజెక్టులు, జడ్జీల ముందు పిచ్చింగ్, సర్టిఫికెట్టు, ఇన్‌స్టాలో ఫొటో, చివరికి చేతికొచ్చేది బీబీఏ డిగ్రీ. దానికి కాలేజీవాళ్లు చూపించే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం సేల్స్. సేల్స్ తప్పు పని కాదు, కానీ దానికి 18 లక్షలు కట్టక్కర్లేదు. ఆ కోర్సు ఎవరికీ పనికిరాదని అనను. ఇంట్లో నడుస్తున్న వ్యాపారం ఉండి, స్కూల్లో ఉండగానే ఏదో ఒకటి కొని అమ్మే బుద్ధి ఉన్న పిల్లలకు నాలుగేళ్ల సమయం, స్నేహాలు ఉపయోగపడొచ్చు. మీ తోడల్లుడి కొడుకు అలాంటివాడేమో, వాడి గురించి నాకు తెలీదు, వాడు బాగుపడాలి. మీ ఉత్తరంలో మాత్రం, రెండు పేజీల్లో, పాపకు ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదండీ. తోడల్లుడు ఏమన్నాడో ఉంది, పొలం రేటు ఉంది, "మా ఆవిడ కూడా ఆలోచిస్తోంది" అని ఉంది. చదవాల్సిన మనిషిని అడిగారా? రోజూ తెల్లారగట్ల లేచి గుంటూరు బస్సెక్కుతున్న పిల్లతో "ఈ చదువు మానేద్దామా" అని మీరు ఒక్కసారి అన్నా, ఆ మాట పరీక్ష హాల్లో దాని పక్కనే కూర్చుంటుంది. అనేసి ఉంటే ఈ రాత్రే వెనక్కి తీసుకోండి. ఇది కోపంగా అంటున్నాననుకున్నా ఫర్వాలేదు.

బీటెక్ ఏఐ సంగతి రెండు మాటలే. పాప ఎంఈసీ కాబట్టి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ లేవు, ఆ దారి మన దగ్గర మామూలుగా తెరుచుకోదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. కోడింగ్ మీద నిజంగా మక్కువ ఉంటే సీఏతో పాటు కొంత నేర్చుకోవచ్చు, ఈ రోజుల్లో ఆడిట్‌కు అదీ అక్కరకొస్తుంది. సీఏ తేలిక అని కూడా చెప్పను. రెండు మూడు అటెంప్టులు పట్టడం మామూలే, దానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి, మొదటిసారి పోతే మళ్లీ ఆ పెళ్లి భోజనం గుర్తు చేసుకోకండి. ఒకవేళ సీఏ నిజంగానే కుదరకపోతే కంపెనీ సెక్రటరీ కోర్సు ఉంది. బోర్డు గదిలో మొదటి రోజు నుంచి కూర్చోగలిగే చదువు అదే, మీటింగ్‌లో ఏం తేలిందో రికార్డు చేసే మినిట్స్ రాసేది వాళ్లే. దాని సంగతి అవసరమైతే ఇంకోసారి రాస్తాను. మూడింటి పోలిక ఇంతేనా అంటే ఇంతే. మీ విషయంలో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంకొకటి. బోర్డు కుర్చీ అనేది 19 ఏళ్ల పిల్లకు పెట్టే లక్ష్యం కాదు. పైన చెప్పినవాళ్లలో ఇండిపెండెంట్ డైరెక్టర్ల వయసు, అనుభవం చూడండి. వాళ్లెవరూ డైరెక్టర్ అవుదామని చదవలేదు, ఒక పని ఏళ్ల తరబడి గట్టిగా చేశారు, ఆ పని తెలిసిన మనిషి కావాలని కబురొచ్చింది. డబ్బు కోసం ఆ కుర్చీ అనుకుంటే, ఒక్కో మీటింగ్‌కు సిట్టింగ్ ఫీజు లక్ష రూపాయలు దాటకూడదని చట్టమే చెప్తుంది. ఎక్కడైనా తేడా వస్తే నోటీసులు మాత్రం డైరెక్టర్ పేరు మీదే వస్తాయి.

ఇప్పటికి మీరు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. పరీక్షలు అయ్యాక ఒక ఆదివారం షాపు మూసి, అరువు ఖాతా పుస్తకం, జీఎస్టీ కాగితాలు, బ్యాంకు పాసుబుక్ పాప ముందు పెట్టి, "ఈ ఏడాది మనకు నిజంగా ఎంత మిగిలిందో చూసి చెప్పమ్మా" అనండి. రాని బాకీలు కూడా లాభంలో ఎందుకు కలుపుకున్నారు నాన్నా అని అడుగుతుంది, నాకు తెలుసు. మీకు చిరాకు వస్తుంది. సమాధానం చెప్పండి, తర్వాత నాకు ఉత్తరం మీరు కాదు, తనని రాయమనండి.